అరవై రోజుల గడువు, ఆపైన మౌనం: టెక్సాస్ డీపీఎస్‌కు బహిరంగ లేఖ

టెక్సాస్ ప్రజా భద్రతా శాఖ (డీపీఎస్) డైరెక్టర్ గారికి, ఆస్టిన్‌లోని రెగ్యులేటరీ సర్వీసెస్ అధికారులకు, టెక్సాస్ శాసనసభ, సెనేట్ సభ్యులకు

నమస్కారం.

టెక్సాస్‌లో చేతి తుపాకీ లైసెన్సు తరగతులు చెప్పేవాళ్లం, ఆ దరఖాస్తులు నింపడంలో తెలుగువాళ్లకు సాయపడేవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా పంపుతున్నాం. తెలుగులో బహిరంగంగా పెట్టడానికి కారణం ఉంది. ఆలస్యానికి దారితీసే తప్పుల్లో కొన్ని మీ పద్ధతిలో ఉన్నాయి, కొన్ని మావాళ్ల కాగితాల్లో ఉన్నాయి. రెండూ ఒకేచోట చెబితే మీకూ మావాళ్లకూ పనికొస్తుంది.

ముందే స్పష్టంగా చెబుతున్నాం. తనిఖీ తగ్గించమని మేం అడగడం లేదు. లైసెన్సు ఇవ్వకూడని మనిషికి ఇవ్వకుండా ఆపడం మీ బాధ్యత, అందులో మేం మీ వెంటే ఉన్నాం. ఫైలు ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో, దాన్ని కదిలించడానికి ఏ కాగితం కావాలో దరఖాస్తుదారుకు చెప్పమని అడుగుతున్నాం. మీ చట్టంలో ఈ బాధ్యత ఇప్పటికే రాసి ఉంది.

గవర్నమెంట్ కోడ్ 411.177 సెక్షన్ ప్రకారం, పూర్తి పత్రాలు నిర్దేశిత అధికారికి అందిన 60 రోజుల్లోగా శాఖ మూడు పనుల్లో ఒకటి చేయాలి. లైసెన్సు ఇవ్వాలి, లేదా తిరస్కరిస్తున్నట్టు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ రెండూ కుదరకపోతే 60 రోజుల్లో తేల్చలేకపోతున్నామని లేఖ రాయాలి. ఆ లేఖలో కారణం ఉండాలి, ఇంకా ఎంతకాలం పడుతుందో అంచనా ఉండాలి. ఈ మూడో పని సరిగ్గా జరిగితే ఆలస్యం మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం పుట్టనే పుట్టదు. 90 రోజులు పడుతుందని తెలిసిన మనిషి ఓపిక పడతాడు. కంప్యూటర్ తెరమీద వారాల తరబడి ‘ప్రాసెసింగ్’ అనే ఒక్క మాటే చూసే మనిషికి ఓపిక ఎక్కడినుంచి వస్తుంది?

దరఖాస్తుల వరద వచ్చినప్పుడు గడువులు దాటడం మీకూ తెలిసిందే. 2009లో వచ్చింది, 2013 మొదట్లో వచ్చింది, 2020-21లో మళ్లీ వచ్చింది. ఎన్నికలు, పెద్ద కాల్పుల ఘటనలు, కొవిడ్ లాంటి భయాలు వచ్చినప్పుడల్లా దరఖాస్తులు పెరుగుతాయి. ఇది మళ్లీ జరుగుతుందని ఎవరైనా ఊహించగలరు. ఊహించగల వరదకు కాలువలు ముందే తవ్వుకోవాలి కదా.

లైసెన్సు లేకుండానే తుపాకీ వెంట పెట్టుకునే వీలు 2021 సెప్టెంబర్ 1 నుంచి, హౌస్ బిల్ 1927 ద్వారా వచ్చింది కాబట్టి ఇక ఆలస్యమైతే నష్టమేమిటని కొందరు శాసనసభ్యులు అనుకోవచ్చు. నష్టం ఉంది. 1995లో గవర్నర్ జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకంతో వచ్చి, 1996 జనవరి 1 నుంచి నడుస్తున్న ఈ లైసెన్సు పేరు 2016లో ‘లైసెన్స్ టు క్యారీ’ (ఎల్‌టీసీ)గా మారింది గానీ, దాని విలువ పోలేదు. టెక్సాస్ దాటి, ఈ లైసెన్సును గుర్తించే రాష్ట్రాలకు వెళ్లేవాళ్లకు ఇదే ఆధారం. బడికి వెయ్యి అడుగుల లోపు తుపాకీ ఉండకూడదనే ఫెడరల్ చట్టం నుంచి మినహాయింపు ఆ బడి ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్లకే దొరుకుతుంది. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఒక బడికి వెయ్యి అడుగుల దూరంలోకి రాకుండా కారు నడపడం దాదాపు అసాధ్యం. లైసెన్సు లేనివాళ్లు అక్కడ తుపాకీలో గుళ్లు తీసేసి, తాళం వేసిన పెట్టెలో పెట్టుకుని వెళ్లాలి. ఈ సంగతి తెలియక రోజూ ఫెడరల్ చట్టాన్ని అతిక్రమిస్తున్నవాళ్లు ఉన్నారు. తెలిసి, చట్టప్రకారం నడుచుకోవాలని దరఖాస్తు పెట్టినవాళ్లనే మీ ఆలస్యం ఇబ్బంది పెడుతోంది.

లైసెన్సుకు ఇంకో విలువ ఉంది. మా దృష్టిలో అది అన్నిటికంటే ముఖ్యం. టెక్సాస్ లైసెన్సు ఉన్న మనిషి దుకాణంలో తుపాకీ కొంటే, కొనేవాళ్లు నింపాల్సిన 4473 అనే ఫెడరల్ ఫారం నింపాక, ఎఫ్‌బీఐ అప్పటికప్పుడు చేసే నేపథ్య తనిఖీ (నిక్స్) మళ్లీ చేయరు. లైసెన్సే దానికి బదులు. మొదటిసారి ఇచ్చిన లైసెన్సు నాలుగేళ్లు దాటాక వచ్చే పుట్టినరోజు వరకు చెల్లుతుంది, రెన్యువల్ అయితే అయిదేళ్లు. అంటే మీరు ఒకసారి చేసే తనిఖీ మీద కౌంటర్ వెనకున్న దుకాణదారు ఏళ్ల తరబడి ఆధారపడతాడు. అందుకే అది లోతుగా జరగాలి. అలసిన ఉద్యోగి, పేరుకుపోయిన ఫైళ్లు, గడువు ఒత్తిడి ఉన్నచోట లోతైన తనిఖీ జరగదు. తేలికైన ఫైళ్లు త్వరగా తేలిపోతేనే చిక్కు ఫైళ్ల మీద కూర్చునే సమయం మీకు దొరుకుతుంది.

ఇక తనిఖీ లోపల ఏం జరుగుతుందో మావాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాం.

దరఖాస్తుదారు చేయాల్సిన పనులు కొద్దిపాటివే. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, 40 డాలర్ల రుసుము. 2017 సెప్టెంబర్‌కు ముందు ఇది 140 ఉండేది, తగ్గించినందుకు శాసనసభకు కృతజ్ఞతలు. నాలుగు నుంచి ఆరు గంటల తరగతి, రాత పరీక్ష. ఫైరింగ్ పరీక్షలో 50 గుళ్లు కాల్చాలి. మూడు గజాల దూరం నుంచి 20, ఏడు గజాల నుంచి 20, పదిహేను గజాల నుంచి 10. మొత్తం 250 పాయింట్లలో 175 రావాలి. తర్వాత శిక్షకుడు ఇచ్చే ఎల్‌టీసీ-100 పత్రం, పది వేళ్ల ముద్రలు, గత అయిదేళ్ల ఇంటి చిరునామాలు, వ్యాపార చిరునామాలు. ఇవన్నీ అయ్యాక మావాళ్లు ఆ రోజు నుంచే 60 రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెడతారు. చట్టం అలా లెక్కపెట్టదు. ‘పూర్తి పత్రాలు’ అందిన రోజు నుంచే గడువు. ఒక్క కాగితం తక్కువైనా గడియారం కదలదు. ఆ ఒక్క కాగితం తక్కువని తెలియడానికే కొన్ని వారాలు పడితే, దరఖాస్తుదారు లెక్కలో 60వ రోజు మీ లెక్కలో మొదటి రోజు కావచ్చు. కాబట్టి మా మొదటి అభ్యర్థన చిన్నది. పత్రాలు వచ్చిన పది పని దినాల్లో ‘అన్నీ ఉన్నాయి, ఫలానా తేదీ నుంచి మీ గడువు మొదలైంది’ అనో, ‘ఫలానా కాగితం లేదు’ అనో ఒక ఈమెయిల్ పంపండి. లోపలికి తొంగి చూసి పత్రాలన్నీ ఉన్నాయో లేదో చెప్పడానికి నేర చరిత్ర తనిఖీ పూర్తికావాల్సిన అవసరం లేదు.

నేర చరిత్ర తనిఖీ చాలా వరకు యంత్రాల పనే. రాష్ట్రంలోని నేర చరిత్ర వ్యవస్థలో వెతుకుతారు. వేలిముద్రలు ఎఫ్‌బీఐకి వెళ్తాయి. నిక్స్ తనిఖీలో రాష్ట్రాల మధ్య నేర చరిత్ర సూచిక, వాంటెడ్ వ్యక్తులూ కోర్టు రక్షణ ఉత్తర్వులూ ఉండే ఎన్‌సీఐసీ అనే జాతీయ పట్టిక, తుపాకీ ఉండకూడనివాళ్ల కోసం ప్రత్యేకంగా పెట్టిన నిక్స్ సూచిక, ఈ మూడూ చూస్తారు. అమెరికా పౌరులు కాని దరఖాస్తుదారుల విషయంలో ఇమిగ్రేషన్ రికార్డుల విచారణ కూడా ఉంటుంది. అది ఇమిగ్రేషన్ అధికారుల కేంద్రం నుంచి రావాలి. ఎక్కడా ఏమీ తగలకపోతే పని త్వరగా అయిపోతుంది. ఎక్కడైనా ఏదైనా తగిలితే అక్కడినుంచి మనుషుల పని మొదలవుతుంది. ఆలస్యమంతా ఆ మనుషుల పనిలో ఉంది.

తగిలేవాటిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ముగింపు లేని అరెస్టు. రికార్డులో అరెస్టు తేదీ ఉంటుంది, ఆరోపణ ఉంటుంది, కోర్టు ఏం తేల్చిందో ఉండదు. కేసు కొట్టేసి ఉండవచ్చు, శిక్ష పడి ఉండవచ్చు. రెండింటికీ మధ్య తేడా భూమికీ ఆకాశానికీ ఉన్నంత. ఆ ముగింపును కోర్టు క్లర్కు కార్యాలయం రాష్ట్రానికి పంపాలని చట్టం చెబుతుంది. ఎక్కడో ఒక కౌంటీలో అది పంపకపోతే, లేదా అరెస్టుకు ఇచ్చిన ట్రాకింగ్ నంబరు కోర్టు కాగితం మీద తప్పుగా పడితే, రెండూ కలవవు. అప్పుడు మీ ఉద్యోగి ఆ కౌంటీకి రాయాలి, జవాబు కోసం ఎదురుచూడాలి. న్యూజెర్సీలోనో ఇల్లినాయిలోనో ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు జరిగిన డీడబ్ల్యూఐ (తాగి వాహనం నడిపిన కేసు) అయితే ఇంకో రాష్ట్రంలోని కోర్టుకు రాయాలి.

ఈ అరెస్టు వివరం దరఖాస్తుదారుకు చెబితే పని చాలావరకు ఆయనే చేసుకురాగలడు. క్లర్కు దగ్గరికి వెళ్లి, ధ్రువీకరించిన తీర్పు ప్రతి తీసుకుని, మీకు పంపగలడు. మీ ఉత్తరం ఆ క్లర్కు బల్లమీద వందల ఉత్తరాల్లో ఒకటి. కిటికీ ముందు నిలబడిన మనిషికి మాత్రం ఆ కాగితం సాధారణంగా త్వరగానే దొరుకుతుంది. కానీ ఏ కౌంటీ, ఏ తేదీ, ఏ ట్రాకింగ్ నంబరు అన్నది మీరు చెప్పకపోతే ఆయన ఎక్కడికని వెళ్తాడు? ఈ ఒక్క మార్పు మిగతా అన్నిటికంటే ఎక్కువ ఫైళ్లను కదిలిస్తుందని మా నమ్మకం.

ముగింపు లేని రికార్డు వల్ల అమాయకుడికి ఆలస్యం అవుతుందన్నది సగం సంగతే. అదే రికార్డు వల్ల ప్రమాదకరమైన మనిషి దాటిపోతాడు. 2015 ఏప్రిల్‌లో సౌత్ కరొలైనాలో ఒక యువకుడు తుపాకీ కొనడానికి వెళ్లాడు. అతని మాదకద్రవ్యాల అరెస్టు రికార్డు కనిపించింది గానీ, అరెస్టు చేసిన పోలీసు శాఖ ఏదన్నది రికార్డులో తప్పుగా పడింది. ఎఫ్‌బీఐ పరిశీలకురాలు ఒక కౌంటీకి, ఇంకో పోలీసు శాఖకు రాసింది, అసలు శాఖను చేరలేకపోయింది. మూడు పని దినాలు దాటాయి. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ తర్వాత అమ్మడం దుకాణదారు ఇష్టం. అమ్మాడు. జూన్ 17న చార్ల్‌స్టన్‌లోని ఇమాన్యుయెల్ చర్చిలో తొమ్మిదిమంది చనిపోయారు. 2017 నవంబర్ 5న మన టెక్సాస్‌లోనే సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో జరిగిన కాల్పుల వెనక కూడా రికార్డే ఉంది. 2012లో సైనిక కోర్టు గృహహింస కేసులో వేసిన శిక్షను ఎయిర్‌ఫోర్స్ ఎఫ్‌బీఐకి పంపలేదు. తనిఖీ జరిగింది, అందులో ఏమీ తగల్లేదు, తుపాకీ అమ్ముడైంది. 2021లో శాన్ ఆంటోనియోలోని ఫెడరల్ కోర్టు ఆ ఘోరంలో 60 శాతం బాధ్యత ప్రభుత్వానిదని తేల్చింది. ఈ రెండుచోట్లా లోపం రికార్డుల్లోనే ఉంది. కాబట్టి లైసెన్సు దరఖాస్తు వచ్చినప్పుడు బయటపడే ప్రతి ముగింపు లేని రికార్డునూ ఆ ఒక్క ఫైలు కోసమే సరిచేసి వదిలేయకండి, రాష్ట్ర రికార్డులో శాశ్వతంగా సరిచేయించండి. దరఖాస్తుదారు తెచ్చిన తీర్పు ప్రతి మీ లైసెన్సు విభాగం దగ్గర ఆగిపోకుండా మీ నేర రికార్డుల విభాగానికి చేరాలి. లేకపోతే అయిదేళ్లకు రెన్యువల్‌లో అదే కథ మళ్లీ మొదలవుతుంది.

మావాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. టెక్సాస్ లైసెన్సు చట్టంలో ‘డిఫర్డ్ అడ్జుడికేషన్’ను, అంటే తీర్పు వాయిదా వేసి షరతులు పాటిస్తే కేసు కొట్టేసే పద్ధతిని, శిక్ష పడినట్టే లెక్కిస్తారు. వకీలు ‘ఇది కన్విక్షన్ కాదు, ఏడాది గడిస్తే కొట్టేస్తారు’ అని చెప్పి ఉండవచ్చు. మిగతా విషయాలకు అది నిజమే కావచ్చు, ఈ లైసెన్సుకు కాదు. క్లాస్ ఏ, క్లాస్ బి మిస్‌డిమీనర్ (ఫెలొనీ కంటే చిన్న నేరం) అయితే అయిదేళ్లు అర్హత ఉండదు. భార్యాభర్తల గొడవలో పోలీసులు వచ్చి పెట్టిన కేసు కూడా క్లాస్ ఏ అయ్యే అవకాశం ఉంది. గృహహింస కేసులో శిక్ష పడితే తుపాకీ మీద ఫెడరల్ నిషేధం వేరే ఉంటుంది. ఇలాంటిది ఉంటే దాచకండి. ఫారంలో అరెస్టులు రాయమని అడిగినచోట ‘కొట్టేశారు కదా’ అని ఖాళీ వదిలేస్తే, ముఖ్యమైన విషయం దాచినందుకే తిరస్కరిస్తారు.

ఇక పేర్లు. ఇక్కడ తప్పు ఎవరిదీ కాదు, ఇబ్బంది మాత్రం ఇద్దరిదీ. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందు వస్తుంది, అసలు పేరు తర్వాత. పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, కొందరికి ఆ గడి ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్‌లో ఉంటుంది. అలాంటివాళ్ల వీసా మీద పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లి, మొదటి పేరు ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. గ్రీన్‌కార్డు వచ్చేసరికి పేరు ఒక తీరుగా, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంకో తీరుగా, డ్రైవింగ్ లైసెన్సులో అక్షరాలు సరిపోక చివర కోసేసిన తీరుగా ఉంటుంది. పౌరసత్వం వచ్చినప్పుడు కొందరు పేరు మార్చుకుంటారు, డ్రైవింగ్ లైసెన్సులో మార్చడం మరిచిపోతారు. పెళ్లయ్యాక ఇంటిపేరు ఒక కాగితంలో మారి మిగతావాటిలో మారని ఆడవాళ్లు చాలామంది. ఎల్‌టీసీ దరఖాస్తు డ్రైవింగ్ లైసెన్సు రికార్డుతో ముడిపడి ఉంటుంది, వేలిముద్రల అపాయింట్‌మెంటులో పేరు మళ్లీ టైపు చేస్తారు, ఇమిగ్రేషన్ విచారణలో గ్రీన్‌కార్డు పేరు వాడతారు. మూడుచోట్ల మూడు పేర్లుంటే ఫైలు మనిషి చేతికి వెళ్లాల్సిందే.

పుట్టిన తేదీ కూడా అంతే. పదో తరగతి సర్టిఫికెట్‌లో బళ్లో వేయించిన తేదీ ఒకటి, మునిసిపాలిటీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్‌లో అసలు తేదీ ఇంకొకటి ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. పాస్‌పోర్టులో ఉన్న తేదీయే అన్నిచోట్లా వాడాలి. నాలుగో తారీఖు ఏడో నెల అమెరికా ఫారంలో 07/04 అవుతుంది, మనవాళ్లు అలవాటు చొప్పున 04/07 అని రాస్తారు. జాతి గడిలో ఇండియా నుంచి వచ్చినవాళ్లు ‘ఏషియన్’ ఎంచుకోవాలి. ‘అమెరికన్ ఇండియన్’ అంటే ఈ నేల ఆదివాసులు. పేరు, పుట్టిన తేదీ, జాతి, ఈ మూడింటి మీద పేరుతో వెతికే తనిఖీ ఆధారపడుతుంది కాబట్టి ఇవి చిన్న తప్పులు కావు.

మావాళ్లకు చెబుతున్నాం: తరగతికి రాకముందే డ్రైవింగ్ లైసెన్సు, గ్రీన్‌కార్డు లేదా పౌరసత్వ పత్రం పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే ముందు డ్రైవింగ్ లైసెన్సు సరిచేయించండి. పాత పేర్లన్నీ దరఖాస్తులో ‘ఇతర పేర్లు’ గడిలో రాయండి, ఎఫ్‌ఎన్‌యూతో సహా. పేరు కలిసిన ఇంకెవరి రికార్డో మీ మీద పడి దుకాణంలో ప్రతిసారీ ఆగిపోతుంటే, ఎఫ్‌బీఐ దగ్గర వాలంటరీ అప్పీల్ ఫైలు తెరిపించుకుని ప్రత్యేక సంఖ్య తీసుకోండి. మీ రికార్డులో అసలేముందో తెలుసుకోవాలంటే 18 డాలర్లకు ఎఫ్‌బీఐ నుంచి మీ చరిత్ర మీరే తెప్పించుకోవచ్చు. పాత అరెస్టు ఏదైనా ఉన్నవాళ్లు దరఖాస్తుకు ముందే ఆ పని చేయడం మంచిది.

మీకు చెబుతున్నాం: ఎల్‌టీసీ ఇచ్చేదీ మీరే, డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేదీ మీరే. దరఖాస్తు సబ్మిట్ చేసే క్షణంలోనే పేరు, పుట్టిన తేదీ మీ దగ్గరున్న డ్రైవింగ్ లైసెన్సు రికార్డుతో కలుస్తున్నాయో లేదో చూసి, కలవకపోతే అక్కడికక్కడే చెప్పవచ్చు. డబ్బు కట్టించుకుని, వేలిముద్రలు తీయించుకుని, ఆ తర్వాతెప్పుడో చెప్పడంలో ఎవరికి లాభం?

వేలిముద్రల విషయం త్వరగా ముగిస్తాం. మోటెల్ లాండ్రీలో బ్లీచ్‌తో పనిచేసేవాళ్ల, రెస్టారెంటు వంటగదుల్లో ఏళ్లుగా గిన్నెలు తోమినవాళ్ల, పెద్దవయసు వాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. స్కానర్ వాటిని చదవలేదు, ఎఫ్‌బీఐ నాణ్యత లేదని వెనక్కి పంపుతుంది. అపాయింట్‌మెంటుకు వారం రోజుల ముందు నుంచి రాత్రిళ్లు చేతులకు కొబ్బరినూనో లోషనో రాయడం, పనిలో గ్లవ్స్ వేసుకోవడం కొంత మేలు చేస్తాయి. ఆ రోజు మాత్రం చేతులు కడిగి పొడిగా ఉంచుకోవాలి. రెండుసార్లు తిరస్కరించాక వేలిముద్రలకు బదులు పేరుతో తనిఖీ చేయమని ఎఫ్‌బీఐని అడిగే పద్ధతి ఉంది. ఆ అభ్యర్థన శాఖ పంపాలి. రెండో తిరస్కరణ వచ్చిన రోజే అది దానంతటదే వెళ్లేలా చేయండి.

ఇంకొకటి వ్యాపారస్తుల కోసం. రాష్ట్ర పన్నులు వసూలు చేసే కంప్‌ట్రోలర్‌కో, స్థానిక పన్ను అధికారికో బకాయి ఉన్నట్టు తుదిగా తేలి ఉండకూడదనే నియమం అర్హతల పట్టికలో ఉంది. అటార్నీ జనరల్ వసూలు చేసే పిల్లల పోషణ బకాయిలూ అలా తేలి ఉండకూడదు. టెక్సాస్‌లో ఇంటి పన్ను జనవరి 31 లోపు కట్టాలి, ఫిబ్రవరి 1 నుంచి అది బకాయే. గ్యాస్ స్టేషన్ సేల్స్ ట్యాక్సు ఒక నెల వెనకబడితే అదీ బకాయే. నేర చరిత్ర కాగితంలా తెల్లగా ఉన్న మనిషి ఫైలు పన్ను దగ్గర ఆగవచ్చు. మీ నోటీసులో ‘అర్హత లేదు’ అన్న మాటకు బదులు ‘ఫలానా కార్యాలయంలో ఇంత బకాయి కనిపిస్తోంది’ అని ఉంటే మర్నాడే కట్టేస్తారు.

మాలో చాలామందిని కలతపెట్టే విషయం ఇక్కడే చెప్పాలి, లేఖ మీకైనా ఈ పేరా మావాళ్లదే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేథేలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజినీరును కాల్చి చంపిన తర్వాత, దుకాణాల్లో పనిచేసే మన పిల్లల మీద దాడుల వార్తలు వచ్చినప్పుడల్లా, తుపాకీ గురించి అడిగేవాళ్లు పెరుగుతారు. ఆ భయం మాకు అర్థమవుతుంది. కానీ ఎఫ్-1, హెచ్-1బి లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ గుళ్లు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప. షూటింగ్ రేంజికి వెళ్లి అద్దె తుపాకీతో కాల్చడం కూడా దగ్గర పెట్టుకోవడం కిందికే వస్తుంది. విద్యార్థి హోదా పోయిన ఒకతను ఫ్లోరిడాలో రేంజిలో కాల్చినందుకు పెట్టిన కేసు 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తన హోదా పోయిందని అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు అంది గానీ, నిషేధం అలాగే ఉంది. ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉండటం గ్రీన్‌కార్డు వచ్చినట్టు కాదు. యజమానికి లైసెన్సు ఉంది కదా అని క్యాష్ కౌంటర్ కింద తుపాకీ వదిలి, రాత్రి షిఫ్టుకు ఎఫ్-1 పిల్లవాణ్ణి నిలబెడితే ఇద్దరూ ఫెడరల్ నేరంలో చిక్కుకోవచ్చు. 2022లో వచ్చిన ఫెడరల్ చట్టం తర్వాత శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది, ఆ పిల్లవాడికి దేశబహిష్కారం అదనం. దయచేసి ఆ పని చేయకండి.

మళ్లీ మీ వైపు వద్దాం. 411.177 సెక్షన్‌లోనే ఇంకో వాక్యం ఉంది. గడువు దాటాక మరో 30 రోజులు శాఖ ఏమీ తేల్చకపోతే, దాన్ని తిరస్కరణగా భావించాలట. అంటే కారణం చెప్పకుండా, లేఖ రాయకుండా, కేవలం ఆలస్యం వల్ల ఒక అర్హుడు అనర్హుడవుతాడు. తిరస్కరణ మీద తన కౌంటీ జస్టిస్ కోర్టులో విచారణ కోరే హక్కు 411.180 సెక్షన్ ఇస్తుంది, నోటీసు అందిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా అడగాలి. మౌనంతో వచ్చిన తిరస్కరణకు నోటీసు ఉండదు. ఆ 30 రోజులు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి? జడ్జి ముందు శాఖ ఏ కారణం చూపాలి? ఫైలు ఎవరూ చూడలేదన్నదే కారణమైతే అది కారణం అవుతుందా?

ఈ వాక్యాన్ని తీసేయమని శాసనసభ్యులను కోరుతున్నాం. దానికి బదులు ‘గడువు దాటితే లైసెన్సు ఇచ్చినట్టే’ అని రాయమనే వాళ్లున్నారు. మేం దాన్ని సమర్థించం. మూడు రోజులు దాటితే అమ్మవచ్చనే నియమం చార్ల్‌స్టన్‌లో ఏం చేసిందో చూశాం. మౌనం అనుమతీ కాకూడదు, తిరస్కరణా కాకూడదు. గడువు దాటిన ఫైలు మీద ‘ఇన్ని రోజుల్లో తేల్చండి’ అని జస్టిస్ కోర్టు ఆదేశించే వీలు ఉంటే చాలు. 2022 జూన్‌లో, బయట తుపాకీ వెంట పెట్టుకునే హక్కు మీద ఇచ్చిన బ్రూయెన్ తీర్పులో సుప్రీంకోర్టు తొమ్మిదో ఫుట్‌నోట్ ఒకటి రాసింది. లైసెన్సులు ఇచ్చే పద్ధతిలో సుదీర్ఘ నిరీక్షణ, మితిమీరిన రుసుములు సామాన్యుల హక్కును కాలరాస్తే, వాటిని సవాలు చేసే దారి మూసెయ్యలేదని అందులో చెప్పింది. ఎవరో ఒకరు ఆ దారిన కోర్టుకెక్కేదాకా ఆగడం కంటే చట్టాన్ని మీరే చక్కదిద్దడం మేలు.

వేరే రాష్ట్రాల అనుభవం కూడా చూడండి. ఒహాయోలో షరీఫ్‌కు 45 రోజుల గడువు. ఇల్లినాయిలో వేలిముద్రలు ఇస్తే 90 రోజులు, ఇవ్వకపోతే 120. అక్కడి గడువులు కూడా ప్రతిసారీ నిలబడలేదు, 2020లో ఇల్లినాయిలో ఫైళ్లు ఎలా పేరుకుపోయాయో మీకు తెలుసు. అయినా వేలిముద్రలకూ వేగానికీ ఉన్న సంబంధాన్ని చట్టంలోనే రాయడం మంచి ఆలోచన. టెక్సాస్‌లో అందరి దగ్గరా వేలిముద్రలు తీసుకుంటున్నారు. ఎక్కడా ఏమీ తగలని ఫైలు 60 రోజుల వరుసలో చిక్కు ఫైళ్ల వెనక నిలబడాల్సిన పని లేదు. రెండు వరుసలు పెట్టండి. ఏమీ తగలనివి ఒక వరుస, మనిషి చూడాల్సినవి ఇంకో వరుస.

ఏటా ఎన్ని లైసెన్సులు ఇచ్చారో, ఎన్ని తిరస్కరించారో, వయసు, జాతి, జిప్‌కోడ్ వారీగా మీరు ప్రచురిస్తున్నారు. ఆ పట్టికల పక్కన నెలకొకసారి ఇంకో మూడు అంకెలు పెట్టండి. మధ్యస్థంగా ఎన్ని రోజులు పట్టింది, ఎన్ని ఫైళ్లు 60 రోజులు దాటాయి, దాటినవాటిలో ఎన్నిటికి 411.177 లేఖ పంపారు. కారణాల వారీగా కూడా విడదీస్తే ఇంకా మంచిది: ముగింపు లేని రికార్డు, వేలిముద్రలు, వేరే రాష్ట్రం, ఇమిగ్రేషన్ విచారణ, పన్నులు. ఏ కౌంటీ కోర్టు ముగింపులు పంపడం లేదో అప్పుడు మీకే కాదు, ఆ కౌంటీ ఓటర్లకూ తెలుస్తుంది.

ఫైలు స్థితి చూపించే వెబ్ పేజీలో ‘ప్రాసెసింగ్’ అన్న మాట బదులు ఫైలు ఏ దశలో ఉందో చెప్పడం, గడువు మొదలైన తేదీ చూపించడం మీ సాంకేతిక సిబ్బంది చేయగల పని. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. వరద లేని ఈ సమయంలోనే అది మొదలుపెట్టండి. ఆ పేజీ పరీక్షించడానికి దరఖాస్తుదారులు కావాలంటే, ఫారంలోని మాటలు తెలుగులో వివరించే కరపత్రం కావాలంటే, మేం రాసిస్తాం, తరగతుల్లో పంచుతాం.

ఇట్లు,
టెక్సాస్‌లోని కొందరు తెలుగు ఎల్‌టీసీ శిక్షకులు, దరఖాస్తు సహాయకులు